కత్తి పోయి కర్ర వచ్చె

దసరా సెలవులకు కొద్దిరోజుల ముందు హైదరాబాదు నుంచి మా మేనకోడలు ఫోను చేసింది. "మామయ్యా, నేను ఫెన్సింగులో చేరాను. కత్తి కొనుక్కోవాలి. ఏది కొనమంటావు?" అని అడిగింది. పక్కనే కూర్చుని వత్తులు చేసుకొంటున్న మా అమ్మ తలెత్తి, "ఫెన్సింగా? పొలానికా, చెరువుకా? ఎన్నెకరాలకిట?" అంది. మా తణుకులో ఆ మాటకు అర్థం సిమెంటు స్తంభాలు, ముళ్ళతీగ. నవ్వుకొన్నాము గాని, నిదానంగా ఆలోచిస్తే మా అమ్మ ప్రశ్నలో తప్పేమీ లేదు. ఇంగ్లీషులో కంచెకూ కత్తిసాముకూ ఒకే మాట ఉండడానికి కారణం, రెండూ రక్షణ అనే అర్థం గల 'డిఫెన్స్' తల తెగి మిగిలిన మాటలే కావడం. కంచె చేనును కాస్తుంది. సాము ఒంటిని కాస్తుంది.

ఆ పిల్ల నన్నే అడగడానికి ఒక కారణం ఉంది. చిన్నప్పుడు నేను గోస్తనీ కాలువ గట్టు మీద రెండు శీతకాలాలు కర్రసాము నేర్చుకొన్నానని మా ఇంట్లో ఒక కథ చెప్పుకొంటారు. కథ నిజమే, నేర్చుకొన్నది మాత్రం తక్కువ. ఆమెకు జవాబు చెప్పడం కోసం కూడదీసుకొన్న సంగతులే ఈ టపా. మన గోదావరి సీమలో కత్తి ఏమైపోయింది? దాని చోటికి కర్ర ఎలా వచ్చింది? ఆ కర్రలో కత్తి ఎంతవరకు మిగిలి ఉంది? ఈ మూడు ప్రశ్నలకు జవాబు వెదికితే, ఏ కత్తి కొనాలన్న నాలుగో ప్రశ్నకు కూడా దారి దొరుకుతుందని నాకు తోచింది.

ముందుగా మాటల సంగతి. పత్రికలవాళ్ళు మంత్రివర్గ విస్తరణ మొదలుకొని క్రికెట్ జట్టు ఎంపిక దాకా ప్రతిదానినీ 'కత్తి మీద సాము' అంటారు. ఆ సామును కళ్ళారా చూసినవారు మనలో ఎందరు? సాము అన్నది సంస్కృత 'శ్రమ' నుంచి పుట్టిన మాట. సాము నేర్పే చోటు గరిడి. ముసల్మానుల పాలనాకాలంలో దానికే తాలింఖానా అన్న పేరు కూడా వచ్చింది. కత్తి అంచు వాదర, చేత పట్టే చోటు పిడి, దాచే చోటు ఒర, అడ్డుపెట్టేది డాలు. నరికే దెబ్బ వేటు, పొడిచే దెబ్బ పోటు. యూరపువారు తమ కత్తులను విభజించుకొన్నది కూడా సరిగ్గా ఈ వేటు, పోటు భేదం మీదనే. మన భాషలో ఆయుధశాల మొత్తం భద్రంగా ఉంది, ఆయుధాలే లేవు.

మరో రెండు మాటలు చూడండి. ఇవాళ 'కార్యాలయ సిబ్బంది' అంటే గుమాస్తాలు. ఒకప్పుడు సిబ్బంది అంటే జమీందారులు, సర్కారువారు కూలికి పెట్టుకొన్న సాయుధ దళం. బంట్రోతు అంటే ఇప్పుడు ఫైళ్ళు మోసేవాడు. ఆ పేరులోని బంటు మాత్రం భటుడే. కత్తి దిగిపోయినా కొలువు మిగిలింది. ఈ మార్పు ఎప్పుడు, ఎలా జరిగిందన్నదే అసలు కథ.

మా ఊరివారికి నన్నయ పేరెత్తకుండా ఏ కథా మొదలుకాదు. ఆయనది తణుకేనని మా ప్రాంతంలో తరతరాల నమ్మకం. 11వ శతాబ్దంలో రాజరాజ నరేంద్రుని కొలువులో, రాజమహేంద్రవరంలో ఆయన తెనిగించడం మొదలుపెట్టిన భారతంలోని ఆదిపర్వంలోనే కురుకుమారుల అస్త్రవిద్యా ప్రదర్శన ఘట్టం ఉంది. వ్యాసుని మూలంలో ద్రోణుడు ముందు చేసే పని కత్తి దూయడం కాదు, నేల కొలవడం. చెట్టూ పొదా లేని చదునైన నేల చూసి, హద్దులు కొలిపించి, రంగస్థలం కట్టిస్తాడు. నకులసహదేవులను ఖడ్గవిద్యలో మేటులని వ్యాసుడు చెబుతాడు. ఇక అగ్నిపురాణం ధనుర్వేద భాగంలో కత్తిడాళ్ళతో చేసే 32 గతుల పేర్లున్నాయి. భ్రాంతము, ఉద్భ్రాంతము, ఆవిద్ధము, ఆప్లుతము అంటూ సాగే ఆ పట్టికను చూస్తే ఒక సంగతి తెలుస్తుంది. చాలా పేర్లు తిరగడం, ఎగరడం, దూకడం, మళ్ళడం గురించినవి. మన పూర్వులు సామును పేర్చుకొన్నది కదలిక మీద.

కత్తికి కావలసిన ఉక్కు విషయంలో తెలుగునేల ఎవరికీ తీసిపోలేదు. నిజామాబాదు జిల్లా కోనసముద్రంలో మూసలలో కరిగించి తీసిన ఉక్కు కోసం ఇస్ఫహాను నుంచి పారశీక వర్తకులు వచ్చేవారు. లాంబ్టన్ సర్వే బృందంలో భూగర్భశాస్త్రజ్ఞుడిగా పనిచేసిన హెన్రీ వోయిసీ ఆ కొలిముల పని స్వయంగా చూసి రాశాడు. ఆయన 1824లో మరణించిన తరువాత, 1832లో కలకత్తా ఏషియాటిక్ సొసైటీ పత్రికలో ఆ వ్యాసం అచ్చయింది. గోల్కొండ రాజ్యపు ఉక్కు మచిలీపట్నం రేవు నుంచి ఓడలెక్కి పర్షియాకు పోయేది. డమాస్కస్ కత్తులని లోకం పొగిడిన, నీటి అలల వంటి చారలున్న కత్తులు ఇటువంటి దక్షిణాది ఉక్కు ముద్దల నుంచి సాగగొట్టినవే.

ఆ కత్తి విలువ పడిపోవడం రెండు విడతలుగా జరిగింది. మొదటి విడత తుపాకిది. 1758 డిసెంబరులో చందుర్తి దగ్గర ఫ్రెంచివారిని కల్నల్ ఫోర్డు ఓడించాడు. మరుసటి ఏప్రిలులో మచిలీపట్నం కోట ఇంగ్లీషువారి వశమైంది. ఆ పోరులో గెలుపోటములు తేల్చినవి వరుస కట్టి పేల్చిన తుపాకులు, ఫిరంగులు. 1765 ఫర్మానాతో, 1766లో నిజాముతో కుదిరిన సంధితో ఉత్తర సర్కారులు కంపెనీ చేతికి వచ్చాయి. రెండో విడత కాగితానిది. 1802లో మొదలైన శాశ్వత శిస్తు ఏర్పాటులో జమీందారుకు శిస్తు వసూలు హక్కు మిగిలింది గాని పోలీసు అధికారం, సాయుధ బలగం పోయాయి. సిబ్బందికి పని లేకపోయింది. 1847లో కాటన్ దొర మొదలుపెట్టిన ధవళేశ్వరం ఆనకట్ట 1852కల్లా పూర్తయింది. కాలువల వెంట నీళ్ళు వచ్చాయి. కత్తి పట్టిన వంశాలకు నాగలి పట్టడంలో లాభం కనిపించింది. ఈ చివరి మాట నా ఊహే కాని, డెల్టా పల్లెలను ఎరిగినవారు కాదనరనుకొంటాను.

ఆపైన 1878 ఆయుధాల చట్టం వచ్చింది. లైసెన్సు లేనిదే ఆయుధం ధరించి తిరగరాదంది. అందులో ఆయుధమంటే తుపాకి ఒక్కటే కాదు. కత్తులు, బాకులు, బల్లేలు, విల్లంబులు కూడా ఆ నిర్వచనంలో చేరాయి. యూరపువారికి మాత్రం మినహాయింపు. స్వతంత్ర భారతపు 1959 చట్టం ఆ భేదాన్ని తుడిచేసింది. ఆ చట్టం కింద వచ్చిన నియమాలు పదునైన కత్తులను ఒక తరగతిగా ఉంచి, వంటింటి, వ్యవసాయ పనిముట్లను మినహాయించాయి. అందుకే మా ఊళ్ళో చెరకు కత్తి ఉంది, కొబ్బరికాయ కొట్టే కత్తి ఉంది, భోగి నుంచి కనుమ దాకా చట్టం కాదన్నా కోడికాలికి కట్టే కత్తి ఉంది. మనిషితో మనిషి నిలబడి సాము చేసే కత్తి మాత్రం లేదు.

1878 చట్టం పట్టికలో లేనిది ఒకటుంది. అది కర్ర.

గొల్లవాని చేతికర్రను, ముసలివాని ఊతకర్రను ఏ దొర నిషేధించగలడు? కనుక సాము కర్రలోకి చేరింది. ఇది మన ఒక్కరి కథ కాదు. ఇంగ్లండులో కత్తి అభ్యాసానికి బుట్టపిడి ఉన్న కర్ర వాడేవారు. ఆ కర్ర ఆట 1904 సెయింట్ లూయీ ఒలింపిక్సులో కూడా ఉంది. పంజాబులో గత్కా కర్ర కత్తికి బదులుగా నిలిచింది. వంగదేశంలో ఢాకా అనుశీలన సమితి నాయకుడు పులిన్ బిహారీ దాస్ తన పుస్తకంలో కర్రసామును, కత్తిసామును కలిపే బోధించాడు. కర్ర కత్తికి బడి. కత్తి నిషిద్ధమైనచోట బడే ఇల్లయింది.

ఇప్పుడు నా రెండు శీతకాలాల గురించి చెబుతాను. మా వీధి చివర ఒక పెద్దాయన ఉండేవాడు. పిల్లలందరికీ ఆయన సాము తాత. దసరాకు ఇంటింటా ఆయుధపూజలో కుట్టుమిషను, సైకిలు, పార, కొడవలి పెట్టేవారు. ఆయన ఇంట్లో పీట మీద ఒకే ఒక కర్ర ఉండేది. దానికి ఒక కొసన, మనం కత్తి పిడికి పెట్టేచోట, కుంకుమబొట్టు. ఆ చోటిని ఆయన పిడి అనే పిలిచేవాడు. రెండో కొసను మొన అనేవాడు. కర్రకు పిడేమిటని నేనప్పుడు అడగలేదు.

కర్ర ఎంచుకోవడంలో ఆయనకు కొన్ని కచ్చితమైన లెక్కలుండేవి. లోపల బోలు లేని గట్టి వెదురు కావాలి. కణుపులు దగ్గరగా ఉండాలి. నేల మీద నిలబెడితే పట్టేవాడి కనుబొమ్మ దాకా రావాలి. నిప్పు సెగన కాచి వంకర తీయాలి. ఆముదం పట్టించి నీడన ఆరబెట్టాలి. చేతిలో తిప్పి చూసి, "కొస బరువైతే నీ చెయ్యి దాని వెనకాల పోద్దిరా. బరువు పిడి దగ్గరుంటే అది నీ వెనకాల వస్తాది" అనేవాడు. ఆ ఒక్క మాటలో ఆయుధాల ఎంపిక శాస్త్రమంతా ఉందని నాకు నలభై ఏళ్ళు దాటాక గాని తెలియలేదు.

మొదటి నెల చేతికి కర్రే ఇవ్వలేదు. కాలువగట్టు ఇసకలో గీతలు గీసి అడుగులు వేయించాడు. ముందుకు రెండు, పక్కకు ఒకటి, వెనక్కు తిరిగి ఒకటి. ప్రతి వరుసకూ ఒక పేరుండేది. విసుగొచ్చి నేను గొణిగితే, "ఒరేయ్ అబ్బాయ్, దెబ్బ కర్రతో కొట్టేది కాదురా, కాలితో కొట్టేది" అన్నాడు. కర్ర ఇచ్చాక ఆయన నేర్పిన రెండో సూత్రం, "కర్ర చూడకు, బుజం చూడు." మూడోది, కుడిచేత్తో చేసిన ప్రతి వరుసా ఎడమచేత్తో కూడా చేయాలి. రెండో శీతకాలంలో నా వేళ్ళ కణుపు చితికి వాచింది. పదో తరగతి పరీక్షలు దగ్గరపడ్డాయి. నాన్న వద్దన్నారు. నేనూ పెద్దగా బాధపడలేదు. సెలవు పుచ్చుకోవడానికి వెళ్ళినప్పుడు ఆయన, "పోనీలే, అడుగు మరిచిపోకు" అన్నాడు.

ఇక మా మేనకోడలికి నేను రాసి పంపిన సలహా. తల్లీ, ఆధునిక ఫెన్సింగులో ఆయుధాలు మూడు. ఫాయిల్, ఎపే పోటు కత్తులు. మొన తాకితేనే లెక్క. సేబర్ ప్రధానంగా వేటు కత్తి. అందులో మొన, అంచు రెండూ చెల్లుతాయి. ఫాయిల్‌లో మొండెం మాత్రమే గురి. ఎపేలో తల నుంచి కాలి వేలి దాకా అంతా గురే. సేబర్‌లో నడుముకు పైభాగమంతా. ఫాయిల్, సేబర్ 500 గ్రాములు మించరాదు. ఎపే 770 గ్రాముల దాకా ఉండవచ్చు. ఫాయిల్, సేబర్‌లలో దాడికి ముందు దిగినవారికి హక్కు. ఎదుటివారు ఆ దాడిని కాచుకొన్నాక గాని బదులు కొట్టే హక్కు రాదు. ఎపేలో ఆ నియమం లేదు, ఇద్దరికీ ఒకేసారి తగిలితే చెరొక పాయింటు. కనుక దూకుడు గలవారికి సేబర్, లెక్కలు వేసేవారికి ఫాయిల్, ఓర్పు గలవారికి ఎపే నప్పుతాయని నా అభిప్రాయం. నీ బడిలో గురువు ఏది బాగా నేర్పుతారో అది వీటన్నిటికంటె ముఖ్యం.

మొదట కత్తి కొనకు. ముసుగు, చేతితొడుగు, జారని బూట్లు కొను. కత్తి ఆరు నెలలు బడిదే వాడుకో. ముసుగు పెట్టుకొని తల గట్టిగా విదిలిస్తే కదలకూడదు. జాలీ మీద తుప్పుగాని, సొట్టగాని ఉంటే ఎంత చవకైనా వద్దు. 1982లో రోములో జరిగిన ప్రపంచ పోటీలలో ఎదుటివాని కత్తి విరిగి ముసుగులోంచి దూసుకుపోయి, మాస్కో ఒలింపిక్ విజేత వ్లదిమిర్ స్మిర్నోవ్ మరణించాడు. ఆ తరువాతే ముసుగుల, దుస్తుల నాణ్యత నియమాలు గట్టిపడ్డాయి. ఫాయిల్, ఎపే అలుగులకు చీలిక త్వరగా పాకని మారేజింగ్ ఉక్కు వచ్చింది. ఉక్కు ముద్దలు అమ్మిన నేల నుంచి వచ్చినదానివి, ఉక్కును నమ్మే ముందు పరీక్షించడం నేర్చుకో. అలుగును నెమ్మదిగా వంచితే వంపు విల్లులా సమంగా రావాలి. ఒకచోటే మడత పడితే దానిని పారేయాలి. కోటు మీద న్యూటన్ల లెక్క ఉంటుంది. అభ్యాసానికి 350, అంతర్జాతీయ పోటీలకు 800. లోపలి అరకోటును, ఆడపిల్లలు వేసుకొనే ఛాతీ కవచాన్ని ఎన్నడూ మానకు. నీది ఎడమచేతివాటం కనుక తొడుగు, కోటు, పిడి మూడూ ఎడమచేతివేనా అని చూసి కొను. కుడిచేతివారి మధ్య ఎడమచేతివాటం ఒక వరం. ఎదుటివారికి నీ కోణం అలవాటు ఉండదు.

పట్టు విషయంలో ఫ్రెంచి గురువుల సామెత ఒకటుంది. పిట్టను పట్టినట్టు పట్టాలి. నలిపితే చస్తుంది, వదిలితే ఎగురుతుంది. యుక్తి విషయంలో మాత్రం మన తాత చెప్పినదే చాలు. బరి పొడవు 14 మీటర్లు, వెడల్పు రెండు మీటర్ల లోపు. కర్రసాము గుండ్రంగా తిరుగుతుంది, ఇది గీత మీద నడుస్తుంది. సేబర్‌లో ముందుకు పోయేటప్పుడు వెనకకాలు ముందుకాలిని దాటనే కూడదు. అయినా సూత్రం ఒకటే. నీ దెబ్బ అందే దూరానికి ఒక జానెడు బయట నిలబడు. ఎదుటివాడు ఆ జానెడు లోపలికి వచ్చేలా ఎర వెయ్యి. అతని భుజం కదిలిన అదను చూసి, ముందు చెయ్యి చాచి, ఆ తరువాతే అడుగు వెయ్యి. కాచుకొన్న వెంటనే బదులు కొట్టు. కాచుకొని మురిసిపోయేవాడు రెండో దెబ్బ తింటాడు.

ఇంత రాశాక ఆమె అడిగింది, "కత్తి లేకుండా ఆరు నెలలు ఏం నేర్చుకొంటాను మామయ్యా?" అని. దానికి జవాబుగా భవానీ దేవి కథ చెప్పాను. చెన్నైలో పెరిగిన ఆమె ఇంటిపేరు చదలవాడ. కుటుంబం మూలాలు మన గోదావరి సీమలోని సామర్లకోట వైపువి. 2004లో బడిలో ఫెన్సింగు మొదలుపెట్టినప్పుడు కత్తులు ఖరీదైనవి కావడంతో వెదురు కర్రలతో సాధన చేసి, అసలు కత్తిని పోటీలకు దాచుకొనేవారు. 2021 జులై 26న టోక్యోలో, ఒలింపిక్సులో ఆడిన తొలి భారతీయ ఫెన్సర్‌గా బరిలో దిగి, మొదటి పోటీని 15-3తో గెలిచింది. తరువాతి పోటీలో ఫ్రాన్సు క్రీడాకారిణి మనోన్ బ్రూనే చేతిలో 7-15తో ఓడింది. 2023లో ఆసియా పోటీలలో కాంస్యం తెచ్చింది. ఆమె ఆయుధం సేబర్, అంటే వేటు కత్తి. మనకు కత్తి పోయి కర్ర వచ్చింది. ఆమెకు కర్ర నుంచే కత్తి వచ్చింది.

దసరాకు ఆ పిల్ల తణుకు వచ్చింది. మేడ మీద చీకటి పడేవేళ తన నిలుపు చూపించింది. మోకాళ్ళు వంచి, వెనకపాదం అడ్డంగా పెట్టి, ఒక అడుగు వెనక్కు తీసి, చెయ్యి చాచి ముందుకు దూకింది. నాకు కాలువగట్టు ఇసక, అందులో గీతలు కనిపించాయి. "ఆ వెనక్కు తీసి దూకే అడుగు మాకూ నేర్పారు" అన్నాను. ఆమె కళ్ళు మెరిశాయి. "మనవాళ్ళు దాన్నేమంటారు మామయ్యా?" అంది.

నాకు గుర్తు రాలేదు. పేరు కచ్చితంగా ఉండేది. నెలరోజులు రోజూ వినేవాణ్ణి. తాత చనిపోయినప్పుడు నేను ఊళ్ళో లేను. ఆయన దగ్గర నేర్చుకొన్నవారిలో ఇద్దరికి ఫోను చేశాను. ఒకరికి అడుగు గుర్తుంది, పేరు లేదు. రెండోవారికి రెండూ లేవు. ఆయన నేర్పిన వరుసలలో ఇప్పుడు నా కాళ్ళకు తెలిసినవి నాలుగు.

ఆ నాలుగింటినీ మా మేనకోడలికి నేర్పి పంపాను; పేర్లు లేకుండానే. బ్లాగ్మిత్రులకు ఒక మనవి. మీ ఊళ్ళో దసరాకో, పీర్ల పండుగకో, గంగమ్మ జాతరకో కర్ర తిప్పే పెద్దలు ఎవరైనా ఉంటే, ఒక సాయంత్రం వారి దగ్గర కూర్చోండి. ఫొటోలు, వీడియోలు ఎటూ తీస్తారు. అవి తీస్తూనే అడుగు అడుగుకూ పేరు అడిగి, వారు పలికినది పలికినట్టు తెలుగులో రాసి పెట్టండి. వెనక్కు తీసి దూకే అడుగు పేరు ఎవరికైనా దొరికితే నాకు చెప్పండి. ఒక పిల్ల అడిగింది. జవాబు బాకీ ఉన్నాను.